పాతర మీద ఏడవొద్దు

మొన్నటి వానలకు మా తమ్ముడి సెల్లార్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. నల్గొండలో కొత్తగా ఇల్లు కట్టుకున్నాడు, బండ్లు పెట్టుకోవడానికని కింద సెల్లారు తవ్వించాడు. "అక్కా, ఒక్కసారి వచ్చి చూసి పో" అని ఫోన్ చేస్తే ఇల్లు చూడడానికి పిలిచాడనుకున్నాను. తీరా పోతే పిలిచింది నీళ్లు చూడడానికి. ఒక మోటారు గురక పెడుతూ నీళ్లను రోడ్డు మీదికి తోడుతోంది, రోడ్డు వాటిని మర్యాదగా మళ్లీ సెల్లార్లోకే సాగనంపుతోంది. మెట్ల మీద నిలబడి ఒక కాంట్రాక్టరు, గోడలకు ఏదో మందు పూస్తే ఇక చుక్క కూడా రాదని హామీ ఇస్తున్నాడు. ఆ మందు ఇదివరకే రెండుసార్లు పూశారట. మూడోసారి పూస్తే గోడకు బుద్ధి వస్తుందని ఆయన నమ్మకం. మా తమ్ముడు అరవై దాటినవాడు, ప్యాంటు మోకాళ్ల పైకి మడుచుకుని, పరీక్ష తప్పిన పిల్లవాడిలా నీళ్లలో నిలబడి వింటున్నాడు.

నాకు అక్కడ నిలబడబుద్ధి కాక, కాళ్లు కడుక్కుందామని వెనక్కి పోయాను. నల్లా కింద మా మరదలు బట్టలు ఉతుకుతోంది. ఆమె ఉతికే బండను చూసి అక్కడే ఆగిపోయాను. నల్లటి గుండ్రని బండ. ఒక పక్క పెచ్చు లేచిపోయింది. నడుమ బెజ్జం, బెజ్జంలో తుప్పు పట్టిన ఇనుప కడియం. "ఏందే, దాని మీద నీళ్లు పోస్తున్నవ్" అని అరిచాను. నా గొంతు నాది కాదు, మా అవ్వది. మరదలు సబ్బు చేత్తోనే బిత్తరపోయి లేచింది. "బట్టలు ఉతుకుతున్న వదినె. నీళ్లు పొయ్యకుంటె ఎట్ల ఉతకాలె" అంది. ఆమె తప్పేమీ లేదు. ఊళ్లో ఇల్లు అమ్మినప్పుడు మంచి బండ కదా అని తమ్ముడు ట్రాక్టరు మీద వేయించుకుని తెచ్చుకున్నాడు. ఆ బండ సంగతి నడిచే రోజుల్లో వాడు ఇంకా చంకలో పిల్లవాడే. దాని మీద నీళ్లు చిందితే ఏమవుతుందో తెలిసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే.

మా ఊరు దేవరకొండ దాటి అచ్చంపేట అడవి వైపు పోయే తోవలో ఉండేది. ఉండేది అంటే ఇప్పుడూ ఉంది, అక్కడ నేనే లేను. నీళ్లకు ఎప్పుడూ కటకటే. ఎండాకాలం బావిలో బొక్కెన వేస్తే మట్టి వచ్చేది, రాళ్లు వచ్చేవి, ఒక్కోసారి పక్కింటివాళ్లు పోగొట్టుకున్న బొక్కెన వచ్చేది, నీళ్లు మాత్రం వచ్చేవి కావు. అలాంటి ఊళ్లో పుట్టి, అలాంటి ఊళ్లోనే పెరిగిన మా అవ్వ, అంటే మా బాపును కన్న తల్లి, బతుకంతా నీళ్లను ఆపడంతోనే గడిపింది. కారణం పాతర.

పాతర అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు. మా నడిమింట్లో, అంటే వంటింటికీ వసారాకూ నడుమ ఉండే పెద్ద గదిలో, నేల కింద తవ్విన జొన్నల గొయ్యి అది. పైన మనిషి దిగేటంత మూతి, కింద పోను పోను వెడల్పు. నిచ్చెన వేసుకుని దిగితే లోపల ఇద్దరు మనుషులు చేతులు చాచి నిలబడవచ్చు. కల్లం నుంచి వచ్చిన జొన్నల్లో దసరా దాకా వాడుకునేవి బయట గుమ్మిలో పోసుకుని, మిగతావన్నీ అందులో పోసి, మూతి మీద ఈ బండ పెట్టి, చుట్టూ ఎర్రమన్నూ పెండా కలిపి మెత్తేవాళ్లు. ఇంట్లో తొమ్మిది నోళ్లు. దసరా తరువాత ఆ తొమ్మిది నోళ్లకూ గట్కా అనే జొన్న సంకటీ, రొట్టే అన్నీ ఆ గొయ్యిలోంచి రావలసిందే. లోపలికి చెమ్మ దిగిందా, జొన్నలు ముక్కుతాయి. ముక్కినవి పశువులు కూడా ముట్టవు. అందుకని పోసే ముందు అవ్వ పెద్ద తతంగం నడిపేది. ముందు గొయ్యిలో ఊకా పిడకలూ వేసి రెండు రోజులు మంట పెట్టించేది, గోడలు గలగలమని ఎండేదాకా. తరువాత ఎర్రమన్నుతో అలికించేది. అది ఆరాక మళ్లీ చిన్న మంట. ఆపైన గడ్డితో పేనిన లావు తాడును గోడల వెంట చుట్టలు చుట్టలుగా కింది నుంచి పై దాకా పేర్పించి, అడుగున వేపాకు పరిపించేది. ఆ పొగ, ఆ గడ్డి, ఆ మన్ను అన్నీ కలిసిన వాసన ఒకటి జొన్నలకు పట్టేది. పాతర జొన్న రొట్టె కాలుతుంటే వాకిట్లోకి వచ్చినవాళ్లకు తెలిసిపోయేది. ఇప్పుడు ప్లాస్టిక్ సంచిలో వచ్చే జొన్నపిండికి ఏ వాసనా లేదు. చక్కెర జబ్బుకు మంచిదని తింటున్నాం.

బండ పెట్టి మెత్తిన రోజు నుంచి నడిమింట్లో అవ్వ చట్టం అమల్లోకి వచ్చేది. తడి కాళ్లతో ఆ గది దాటకూడదు. తలంటు పోసుకున్న ఆడపిల్లలు జుట్టు ఆరేదాకా వసారాలోనే కూర్చోవాలి. మంచినీళ్లు అడిగిన చుట్టానికి చెంబు అందించేది గడప అవతలే. ఆయన తాగి, మూతి తుడుచుకుని, ఖాళీ చెంబు తిరిగి ఇచ్చాకనే లోపలికి రమ్మనడం. ఒక వానాకాలం మా మేనమామ గొడుగు మూసి నడిమింట్లో గోడకు ఆనించాడు. అవ్వ ఆ గొడుగు తీసుకుపోయి కొట్టంలో బర్రె పక్కన నిలబెట్టి వచ్చింది. సాయంత్రం ఆయన వెతుక్కుంటుంటే, "నీ గొడుగు బర్రెకాడ ఉన్నది అయ్యా, మంచిగనే ఉన్నది" అని కుశలం చెప్పింది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఏడుపు సంగతి ఒక ఎత్తు. పాతర మీద ఏడవకూడదు. ఏడిస్తే చెమ్మ దిగుతుంది. కన్నీళ్లలో ఉప్పు ఉంటుంది, ఉప్పు చెమ్మను పిలుస్తుంది, ఇది అవ్వ లెక్క. మా తాత పోయిననాడు నడిమింటి గోడకు ఆనుకుని రాగం తీయబోయిన తన ఆడబిడ్డను అవ్వ చేయి పట్టుకుని వాకిట్లోకి తీసుకుపోయి, "ఇగ ఇప్పుడు ఏడ్వు" అన్నదట. పోయింది తన మొగుడే అయినా సరే. మా మేనత్త అత్తగారింట్లో కొట్లాడి వచ్చినప్పుడల్లా నడిమింట్లో చతికిలబడి కొంగు కళ్లకు పెట్టుకునేది. "ఆగాగు బిడ్డా, కొట్టంలకు పోదాం నడువు" అని అవ్వ లేవదీసేది. రెండు గడపలు దాటి, వాకిలి దాటి, బర్రెను తప్పించుకుని పోయేసరికి మేనత్త ఏడుపు సగం ఆరిపోయేది. మా ఆడబిడ్డ కాపురం నిలబడింది ఆ నడక పుణ్యానే అని అమ్మ అనేది. నేను కూడా దెబ్బలు తిన్నప్పుడు బుగ్గల నిండా ఏడుపును బిగబట్టుకుని వాకిట్లోకి ఉరికి అక్కడ విడిచిపెట్టేదాన్ని. ఆ విద్య ఇప్పటికీ నా దగ్గర ఉంది, పెద్దయ్యాక చాలాచోట్ల పనికొచ్చింది.

అవ్వకు ఒక్కడే కొడుకు, మా బాపు. కొత్తది ఏది కనబడినా ఆగలేని మనిషి. ఊళ్లో మొదటి సైకిలు ఆయనదే, సైకిలు మీది నుంచి పడ్డ మొదటి మనిషీ ఆయనే. ఆ రోజుల్లో కృష్ణ మీద పెద్ద కట్ట కడుతున్నారు. చూడడానికి ఊళ్లోవాళ్లు లారీ ఎక్కి పోతుంటే బాపు కూడా పోయాడు. మూడు రోజులకు వచ్చినవాడు వేరే మనిషై వచ్చాడు. అన్నం ముందు కూర్చుంటే కట్ట, ఎడ్లు కడుతుంటే కట్ట. "ఏం కట్టనే అవ్వా. మనిషి చీమంత కనబడతడు. గంత నీళ్లను గోడ పెట్టి ఆపుతున్నరు" అని చేతులు బార్లా చాపి చూపేవాడు. "ఆపితే ఆపనీ. ముందుగాల ఆ గట్క తిను, చల్లారుతున్నది" అనేది అవ్వ.

అంతటితో పోయేదే గానీ, ఎండాకాలంలో సాయిలు మామ ఊళ్లోకి వచ్చాడు. మామ అంటే వరస మాత్రమే, మా వీధి చివరింటి మనిషి. రెండేళ్లు ఆ కట్ట మీద పనిచేసి వచ్చాడు, అందరూ డ్యాము సాయిలు అనేవాళ్లు. నెత్తిన ఇనుప టోపీ ఒకటి పెట్టుకుని తిరిగేవాడు, భోజనానికి కూర్చున్నా తీసేవాడు కాదు. బాపూ ఆయనా రెండు రోజులు వసారాలో గుసగుసలాడారు. మూడో రోజు పాతరకు సిమెంటు పూయిస్తున్నామని బాపు ప్రకటించాడు. సిమెంటు అప్పట్లో పర్మిటు ఉంటేనే దొరికేది. ఎవరెవరి కాళ్లు పట్టుకున్నాడో గానీ ఆరు బస్తాలు తెచ్చాడు.

"ఎందుకురా" అని అడిగింది అవ్వ.

"చుక్క చెమ్మ కూడ రాదే. నువ్వు ఏటేటా మంటలు పెట్టి, మన్ను మెత్తి గింత గోస పడవడ్తివి. ఇగ బతికినన్నాళ్లు రంది లేదు" అన్నాడు బాపు. ఆ మాటలో అబద్ధం లేదు. తల్లి నడుము వంగిపోతోందని ఆయన బాధ.

సాయిలు మామ టోపీ సర్దుకున్నాడు. "కృష్ణమ్మనే ఆపినం అవ్వా. నీ పాతరల చెమ్మ ఎంత."

"కృష్ణమ్మ ఒక్క తోవల వస్తదిరా" అంది అవ్వ. "చెమ్మకు తోవ అక్కరలేదు."

అయినా అడ్డం పడలేదు. ఒక్కగానొక్క కొడుకు సరదా పడుతున్నాడు. సాయిలు మామ గొయ్యిలోకి దిగి నాలుగు రోజులు నున్నగా పూశాడు. ఊరంతా వచ్చి మూతిలోంచి తొంగి చూసి "అద్దం లెక్క ఉన్నది" అని పోయారు. ఐదో రోజు పొద్దున సాయిలు మామ కావడితో రెండు కడవల నీళ్లు తెచ్చి, నడిమింట్లోకి వచ్చి, పాతరలోకి బుడబుడమని గుమ్మరించాడు.

అవ్వ వంటింట్లో ఉంది. ఆ చప్పుడు విని చేతిలో రొట్టె అలాగే పట్టుకుని వచ్చింది. "ఏం పోసినవ్ అండ్ల" అని అడిగింది. ఆమెకు తెలియక కాదు, చెవులను నమ్మలేక.

"నీళ్లే అవ్వా. సిమెంటుకు నీళ్లు తాపాలె. పన్నెండు రోజులు తాపితే రాయి అయితది. కట్టకు గూడ గిట్లనే తాపినం."

"నీళ్లు రాకుంట చేసెతందుకు నీళ్లు పోస్తున్నవా" అని అడిగింది అవ్వ. సాయిలు మామ అవునన్నాడు. అవ్వ బాపు వైపు చూసింది. బాపు కూడా అవుననే తల ఊపాడు. అవ్వ ఈతచాపా, ఉప్పు కుండా, తన వక్కాకుల సంచీ తీసుకుని పోయి కొట్టంలో బర్రె పక్కన కాపురం పెట్టింది. తాగడానికి నీళ్లు లేని ఊళ్లో, ఆడవాళ్లు చీకటితో లేచి వంతులు కట్టుకుని తోడుకునే బావిలోంచి, రోజుకు ఎనిమిది కడవలు మా నడిమింటి నేలలోకి పోయాయి. తొమ్మిదో రోజున పాతరలో ఒక కప్ప చేరింది. అది అక్కడికి ఎలా వచ్చిందో గానీ అరుపు మాత్రం ఇల్లంతా వినబడేది. అమ్మ కొట్టంలోకి అన్నం తీసుకుపోయి, "అత్తా, పాతరల కప్ప అరుస్తున్నది" అని చెప్పింది. "ఇంక నయం. చేపలు గూడ పడితే మీ ఆయన గాలం ఏస్తడు" అంది అవ్వ.

నీళ్లు తాపడం అయిపోయేసరికి రోహిణి కార్తె చివరికి వచ్చింది. ఇక గొయ్యిని బాగా ఎండనివ్వాలి. ఎండనిచ్చే వ్యవధి లేకపోయింది. మిరుగు, అంటే మృగశిర, ఇంకా చొరకముందే మబ్బులు కమ్ముకొచ్చాయి. జొన్నలన్నీ వాకిట్లో కుప్పగా ఉన్నాయి, పైన కప్పడానికి నాలుగు గోనెపట్టలు తప్ప ఏమీ లేవు. అవ్వ కొట్టం విడిచి పరుగున వచ్చింది. గొయ్యిలోకి చేయి పెట్టి గోడ తడిమింది. "చల్లగున్నదిరా. ఒక్క పూట మంట పెట్టు" అంది. మంట పెడితే సిమెంటు పగులుతుందన్నాడు సాయిలు మామ. "గడ్డి చుట్టన్న పెట్టుండ్రి" అంది. సిమెంటుకు గడ్డి కడితే కట్ట మీదివాళ్లు నవ్వుతారన్నాడు. వేపాకు కొమ్మలు పట్టుకొచ్చింది. "సిమెంటు చల్లగనే ఉంటదే అవ్వా, నీకు తెల్వదు" అని బాపు వాటిని పక్కన పెట్టాడు. గాలిదుమారం లేచింది. గంపలతో అందరం మోశాం, నేనూ మోశాను. చివరి గంప పడ్డాక బండ జరిపి మెత్తుతుంటే చినుకులు మొదలయ్యాయి. అవ్వ మాత్రం మూడు బస్తాలు అటక మీదికి ఎక్కించింది. ఎందుకని అడిగితే విత్తనాలకంది. మాకున్న చెలకలకు రెండు గంపల విత్తనం చాలు. ఆమె దాచినవి చల్లితే తాలూకా మొత్తం జొన్న మొలిచేది. బాపు చూశాడు, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

ఆ ఏడు వాన మా వైపు దారి తప్పి వచ్చినట్టు కురిసింది. వాగులు పారాయి, బావి నిండింది, ఊరంతా పండగ చేసుకుంది. మా ఇంట్లో మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. అవ్వ గుడ్డలో గళ్లుప్పు మూట కట్టి బండ మీద పెట్టేది. పొద్దున్నే దాన్ని పిసికి చూసేది. తడిసి ఉండేది. "వానకాలం ఉప్పు యాడ పెట్టినా తడుస్తదే" అని బాపు వాదించాడు. సరేనని అవ్వ ఇంకో మూట కట్టి అటక మీద పెట్టింది. మరునాడు రెండు మూటలూ తెచ్చి కొడుకు రెండు చేతుల్లో చెరొకటి పెట్టింది. అటక మీదిది గలగలలాడుతోంది. బండ మీదిది కారుతోంది. బాపు రెంటినీ చాలాసేపు పట్టుకుని నిలబడ్డాడు. తరువాత ఎడ్లకు గడ్డి వేయాలని గుర్తుకొచ్చి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఏం చేయాలన్నదే ఇంట్లో ఊపిరాడనివ్వని ప్రశ్న. తెరిస్తే తడిగాలి లోపలికి పోతుంది, బయటికి తీసిన జొన్నలు ఆ ముసురులో ఆరబోయడానికి జాగా ఉండదు, ఉన్నవి కూడా పోతాయి. తెరవకపోతే లోపల ఏం ముక్కుతోందో దేవుడికే తెలుసు. గుమ్మిలోవి దసరా దాకానే. "తెరిస్తే ఒక ముప్పు, తెరవకుంటే ఒక ముప్పు. మంచిగ చేసినవ్ కొడుకా" అని అవ్వ ఒక్కసారి అంది, మళ్లీ అనలేదు. బాపు తిండి తగ్గించాడు. సైకిలు తుడవడం మానేశాడు. ఒక మధ్యాహ్నం అందరూ చేలో ఉండగా నేను మంచినీళ్లకని ఇంటికి వచ్చాను. నడిమింట్లో మా బాపు, ఊళ్లో ఎవరికీ తలవంచని మనిషి, బోర్లా పడుకుని బండకు చెంప ఆనించి ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. చెంప మీద పెండ గీత. "అంగీ గుండీ పడిపోయింది బిడ్డా, దేవులాడుతున్న" అన్నాడు. ఆయన ఒంటి మీద అంగీయే లేదు. నేను కూడా పక్కన కూర్చుని ఆ లేని గుండీని కాసేపు వెతికాను. ఈ సంగతి అవ్వకు ఎప్పుడూ చెప్పలేదు.

వినాయకచవితి పోయాక వాన వెనకబట్టింది. నాలుగు రోజులు వరసగా ఎండ కాసింది. ఐదో రోజు పొద్దున అవ్వ స్నానం చేసి, తల ఆరబెట్టుకుని, నడిమింట్లో నిలబడి "తియ్యి" అంది. వీధి వీధంతా వచ్చింది. సాయిలు మామ కూడా వచ్చాడు, నెత్తిన టోపీ లేదు. బాపు మెత్తిన మన్ను గడ్డపారతో పొడిచి, కడియంలో మోకు వేసి బండను జరిపాడు. గుప్పున వాసన కొట్టింది. నాకు ఆ వాసన ముందే తెలుసు, సంత రోజున కల్లు మండువా పక్కనుంచి నడిస్తే వచ్చేది. వాకిట్లోంచి ఎవరో బాపును "ఏం రంగయ్యా, పాతరల ఈతవనం పెట్టినవా" అన్నారు. కొందరు నవ్వబోయి బాపు ముఖం చూసి ఆగారు. లోపలి గాలి చెడితే మనిషి పోతాడని కందీలు తాడుకు కట్టి దించారు. తాడు నా చేతికే ఇచ్చారు. కందీలు మూతి దాటగానే ఆరిపోయింది. వేపకొమ్మ కట్టి కిందికీ మీదికీ ఆడించి గాలి తోలారు. మూడోసారి దించినప్పుడు దీపం నిలిచింది. బాపు దిగాడు.

జొన్నల మీద నిలబడితే ఆయన తల మాత్రమే నేల పైకి కనబడుతోంది, సరిగ్గా అవ్వ పాదాల దగ్గర. వంగి చేయి పెట్టాడు. పిడికెడు జొన్నలు రాలేదు, బెల్లం దిమ్మలాగా గడ్డ వచ్చింది. నల్లబడి, బూజు పట్టి, మొలకలు లేచి. గోడ వైపు చేయి పెట్టాడు, అదే గడ్డ. ఆ గడ్డను రెండు చేతులతో పట్టుకుని దానివైపే చూశాడు. నేను తాడు పట్టుకుని రెండడుగుల దూరంలో కూర్చున్నాను, అంతా చూశాను. తొమ్మిది మంది తిండి. తన మాట మీద పోసిన తిండి. మా బాపు కళ్లలోంచి నీళ్లు బొటబొటా ఆ జొన్నల మీద పడ్డాయి. అందరం అవ్వ నోటివైపే చూస్తున్నాం. మూడు నెలలుగా ఆమె దాచుకున్న మాట ఇప్పుడు వస్తుందని అందరికీ తెలుసు.

అవ్వ వంగి కొడుకు నెత్తి మీద చేయి పెట్టింది. "పైకి రా కొడుకా" అంది. "అండ్ల ఏడ్వకు, చెమ్మ దిగుతది."

ముందు సాయిలు మామ నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు. తరువాత అమ్మ. ఆఖరికి ఆ గొయ్యిలోంచే బాపు నవ్వు వినబడింది, సగం వెక్కిళ్లతో. పైకి వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే రెండు గడపలు దాటి వాకిట్లోకి పోయి, గోడకు ఆనుకుని కడుపారా ఏడ్చాడు. అవ్వ వెనకే పోయి చెంబుతో నీళ్లిచ్చింది. తిరిగి వచ్చి కొంగు నడుముకు బిగించి, "చూస్తున్నరేంది, మంచాలు తెండ్రి" అని వీధి మొత్తాన్ని పనికి పురమాయించింది.

పైన జానెడు, గోడల చుట్టూ మూరెడు పోయాయి. నడుమవి దక్కాయి, సగానికి కాస్త తక్కువ. వీధిలో ప్రతి ఇంటి మంచమూ, ప్రతి దుప్పటీ మా జొన్నలతో నిండిపోయింది. వారం రోజులు ఊళ్లో ఎవరూ మంచం మీద పడుకోలేదు. ముక్కినవి బర్రెకు పెడితే మూతి తిప్పుకుంది. దక్కినవాటిని అటక మీది మూడు బస్తాల విత్తనాలతో కలిపి, కొన్నాళ్లు గట్క, కొన్నాళ్లు అంబలి, కొన్నాళ్లు ఆకలి లేదన్న అబద్ధంతో కొత్త జొన్నలు వచ్చేదాకా నెట్టుకొచ్చాం. ఆ రొట్టెల్లో ఏడాదంతా కల్లు వాసన. అవ్వ బాపును ఒక్క మాటా అనలేదు. బర్రెకు మాత్రం చెప్పేది. రోజూ పాలు పిండుతూ, బాపు వసారాలో కూర్చున్నప్పుడే, "నీకేం తెల్వదే, నీది బర్రె బుద్ధి. సిమెంటంటె ఏందనుకున్నవ్, కృష్ణమ్మనే ఆపింది" అని బర్రెను మందలించేది. బర్రె తల ఊపేది. బాపు కూడా ఊపేవాడు.

మరుసటి ఎండాకాలం బాపూ సాయిలు మామా కలిసి దిగి ఉలితో సిమెంటంతా చెక్కి పారేశారు. అప్పుడు బయటపడింది, సాయిలు మామ ఆ కట్ట మీద రెండేళ్లూ చేసింది తాపీ పని కాదు, గోడలకు నీళ్లు తాపే పని. అందుకే మా పాతరకు కూడా ఆ ఒక్కటీ అంత శ్రద్ధగా చేశాడు. "చెప్తే నవ్వుతరని చెప్పలే అవ్వా" అన్నాడు తల వంచుకుని. అవ్వ ఆయన ముందు రెండు రొట్టెలు పెట్టి, "నీళ్లయితే మంచిగ పోసినవ్ బిడ్డా, దానికి వంక లేదు" అంది. సాయిలు మామ పోయి చాలా ఏళ్లయింది గానీ, మొన్న తమ్ముడి మెట్ల మీద మూడోసారి మందు పూస్తానన్న ఆ కాంట్రాక్టరును చూస్తే ఇనుప టోపీ ఏదని అడగబుద్ధయింది. ఇప్పటివాళ్ల దగ్గర మందులు ఎక్కువ. గోడకు చెంప ఆనించి చూసే మనిషే ఎవరూ కనబడలేదు.

అవ్వ పోయేనాటికి పాతర వాడకం పోయింది. జొన్నలు వేయడం తగ్గిపోయింది, బియ్యం తినడం మొదలైంది, ఆ గొయ్యిని మట్టితో పూడ్చి బండ మాత్రం అలాగే ఉంచాం. ఆమె నడిమింట్లోనే, బండకు పక్కగా వేసిన మంచం మీద కన్ను మూసింది. మంచం చుట్టూ మేమంతా ఉన్నాం. మేనత్త నోరు తెరిచి, చటుక్కున కొంగు కుక్కుకుని గడప వైపు పరిగెత్తింది. ఆమె వెనక అమ్మ, అమ్మ వెనక నేను. ఆఖరున బాపు. ముసలివాడై మోకాళ్లు పట్టేసిన మనిషి, ఒక గడప పట్టుకుని దాటాడు, రెండో గడప పట్టుకుని దాటాడు, వాకిట్లో కాలు పెట్టాక "అవ్వా" అన్నాడు. లోపల మంచం మీద అవ్వ ఒక్కతే ఉంది, ఆమె ఇల్లు పొడిగా ఉంది.

ఇదంతా తలచుకుంటూ మొన్న ఆ నల్లా దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మరదలు బట్టలు ఆరేయడానికి పోయింది. నేను కొంగుతో బండ తుడిచాను. తుడిచినకొద్దీ తడే. ఉన్నట్టుండి ఏడుపు వచ్చింది, చిన్నప్పటిలా బుగ్గల నిండా బిగబట్టుకున్నాను. గబగబా హాలు దాటి, గేటు తీసుకుని, తుంపరలో రోడ్డు మీదికి పోయి నిలబడ్డాను. కాసేపటికి తమ్ముడు మోకాళ్ల దాకా తడిసిన కాళ్లతో గొడుగు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏమైందక్కా, వానల నిలబడ్డవ్" అని అడిగాడు.

"ఏం లేదు తమ్మీ" అన్నాను. "నీ ఇంట్ల ఇప్పటికే నీళ్లు ఎక్కువున్నయని."